గదిలో ఇంకా గురువారమే

మా అక్క గొంతు పెద్దది. హోసూరు దగ్గర తళి వైపున్న మా ఊళ్ళో ఆమె పాలీహౌస్ గుమ్మంలో నిలబడి కేకేస్తే, రోడ్డవతల బస్సు కోసం కాచుకున్నవాళ్ళు కూడా ఉలిక్కిపడి ఇటు చూసేవారు. నాన్న పోయాక సేద్యం ఆమె చేతికి వచ్చింది. క్యాబేజీ, క్యారెట్ పండిన నేలలో ఇనుప గొట్టాలు పాతించి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పించి, రోజా మొక్కలు పెట్టింది. ఆడపిల్లకు ఎందుకీ తలనొప్పి అన్న పెద్దమనుషులే తర్వాత తమ కొడుకులను ఆమె దగ్గరికి పంపారు, ఎలా చేస్తుందో చూసి రమ్మని. పెళ్ళి మాటెత్తితే, "నా రోజాలను ఎవురు చూస్తారు, నువ్వు చూస్తావా?" అని నన్ను అడిగేది. నాకు చేతకాదని ఆమెకు బాగా తెలుసు. నేను హోసూరులో ఒక చిన్న ఎలక్ట్రానిక్స్ కంపెనీలో పని చేసేదాన్ని. బోర్డులూ, నల్ల తెర మీద తెల్ల అక్షరాలూ తప్ప నాకింకేం తెలుసు?

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక గాలివానకు పట్టా ఒక కొస ఊడి కొట్టుకుంటుంటే, ఎవరినీ ఎక్కనివ్వకుండా తనే ఎక్కింది. పడింది. కృష్ణగిరి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. నడుము కింద ఇక స్పర్శ రాదని డాక్టరు చెప్పాడు. నేను వార్డు బయట గోడకు ఆనుకుని ఏడుస్తున్నాను. లోపల నుంచి ఆమె గొంతు.

"ఏమే, ఆడ పట్టా కట్టినారా లేదా?"

ఆ గొంతు తగ్గలేదు, అదొక్కటే.

ఇంటికి తెచ్చి ముందు గదిలో మంచం వేశాం. పక్కింట్లోనే మా చిన్నాయన ఉంటాడు, నాన్న తమ్ముడు. మంచివాడు, కానీ భయస్థుడు. ప్రతిదానికీ పంచాంగం చూసేవాడు, లేకపోతే చేతులు నలుపుకునేవాడు. ఒకరోజు మంచం పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పాడు.

"చూసేవాళ్ళు లేకుంటే తోట నిలవదమ్మా. ఒక కంపెనీ వాళ్ళు గుత్తకు అడుగుతాండారు. ఇచ్చేద్దాం."

అక్క గోడ వైపు తల తిప్పేసింది. ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడలేదు. ఆమె మాట్లాడకుండా ఉండడం నేను చూడడం అదే మొదటిసారి. సాయంత్రం కాఫీ ఇవ్వబోతే నా చెయ్యి పట్టుకుంది.

"నేను ఈడనించే చూసుకుంటానని చెప్పు. తోట పోతే నేను సుమ్మనే మంచం మీద పడుండే మూటనే గదే. నీ కంప్యూటర్లు మరి ఏంటికి ఉండాయి?"

చిన్నాయనతో పోట్లాడి వచ్చే సీజను దాకా గడువు తెచ్చాను. పోట్లాడడం నాకు బాగానే వచ్చు.

ఇల్లు గట్టు మీద, పాలీహౌస్ కింద పల్లంలో. ఆ పల్లంలో సెల్‌ఫోన్ సిగ్నల్ అందదు. మధ్యలో వేరేవాళ్ళ పొలం. తీగ పాతితే వాళ్ళ ట్రాక్టరు నాగలి తెంపేసింది, రెండోసారి ఎలుకలు కొరికాయి. ఇక మిగిలింది వైర్‌లెస్. మా కంపెనీ మూలన పడేసిన రెండు పాత కంప్యూటర్లు అడిగి తెచ్చుకున్నాను. ఒకటి అక్క గదిలో, ఇంకొకటి పాలీహౌస్ పక్కన పూలు కట్టే షెడ్డులో. షెడ్డులో పాలీహౌస్ సాళ్ళ వైపు తిప్పిన ఒక కెమెరా, ఒక స్పీకరు. గదిలో ఒక మైకు. మిద్దె మీద ఒకటి, షెడ్డు మీద ఒకటి, నూనె డబ్బాలు కోసి చేసిన యాంటెన్నాలు. అక్క తోటను చూస్తుంది, తోట అక్కను వింటుంది. చెప్పుకోవడానికి ఇంతే.

కానీ ఆ ముసలి మెషీన్లు ఊరికే దొరికే లినక్స్ సాఫ్ట్‌వేర్ మీద తప్ప నడవవు. వైర్‌లెస్ కార్డు డబ్బాలో ఇచ్చిన సీడీ లినక్స్‌కు పనికిరాదు. కెర్నెల్ అంటే కంప్యూటర్ లోపల అన్నీ నడిపించే పెద్ద. ఆ కార్డు భాష ఆ పెద్దకు తెలియదు. నేర్పాలంటే డ్రైవర్ కోడ్ తెచ్చుకుని, మన మెషీన్‌కు తగ్గట్టు సెట్టింగులు పెట్టి, మనమే కంపైల్ చేసుకోవాలి, అంటే ఆ కోడ్‌ను మెషీన్‌కు అరిగేలా వండుకోవాలి. ఏ చిప్పు, ఏ ప్రాసెసరు, ఏది ఉండాలి, ఏది వద్దు, పేజీల కొద్దీ ప్రశ్నలు. ప్రతి ప్రశ్నకూ ఒక్క అక్షరమే జవాబు. ఒక్కటి తప్పు పెడితే అరగంట ఉడికించి చివర్లో మొహాన కొడుతుంది.

సెలవు పెట్టి వచ్చి, అక్క మంచం పక్కన కూర్చుని ఆ పని మొదలుపెట్టాను. అక్కకు చూస్తూ ఊరుకోవడం ఏనాడూ తెలియదు.

"ఈ వై, ఎం, ఎన్ ఏందే?"

"వై అంటే కెర్నెల్‌లోనే కలిసిపోతుంది. మెషీన్ లేస్తే అదీ లేస్తుంది. ఎం అంటే మాడ్యూల్. పక్కన పడి ఉంటుంది, మనం పిలిస్తే వస్తుంది. ఎన్ అంటే అస్సలు వద్దని."

"అట్ల చెప్పు. వై అంటే ఇంట్లో మనిషి, ఎం అంటే పిలిస్తే వచ్చే కూలి మనిషి, ఎన్ అంటే గడప తొక్కనీకూడదు. దీనికి నీకు అంత సదువు కావాల్సొచ్చిందా?"

నాకు ఒళ్ళు మండింది, నవ్వూ వచ్చింది. కుదిరేదాకా చాలాసార్లు తీసి పెట్టాల్సి వస్తుంది కదా అని డ్రైవర్‌ను ఎం అనే పెట్టాను. గురువారం సాయంత్రానికి కంపైల్ అయింది. ఒక లైను కొట్టి మాడ్యూల్ ఎక్కించాను, దానితోటే మైకూ తెరుచుకుంటుంది. కార్డు మీద పచ్చ దీపం వెలిగింది, తెర మీద తోట కనిపించింది. అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. అక్క మైకు దగ్గరికి వంగి ఏదో అనబోయేంతలో లంకె తెగిపోయింది. మళ్ళీ ఎక్కిస్తే వచ్చింది, కాసేపు ఊరుకుంటే పోయింది. ఎందుకో నాకు అంతు పట్టలేదు.

తెల్లారాక అర్థమైంది. సెట్టింగుల్లో పవర్ సేవింగ్ అని ఒకటి వై మీద ఉంది. ఎవరూ మాట్లాడకపోతే కార్డు కరెంటు మిగల్చడానికి నిద్రపోతుంది, ఆ కార్డు పడుకున్నాక లేవదు. దాన్ని ఎన్ చేసి మళ్ళీ కంపైల్ కొట్టాను. అంతా సరిగానే ఉంది, కొత్తగా చేసేదేమీ లేదు అంది మెషీన్. మళ్ళీ కొట్టాను. అదే జవాబు. ఫైలు తెరిచి చూస్తే నేను పెట్టిన ఎన్ అక్కడే ఉంది. మెషీన్ మాత్రం దాన్ని చూడనట్టే ఉంది. నాకు పిచ్చెక్కింది. కీబోర్డును మంచం మీదికి విసిరాను.

"మెల్లిగా లే, నా కాళ్ళకు తగల్లేదు కాబట్టి సరిపోయింది" అంది అక్క. తగిలినా ఆమెకు తెలియదు. ఆ మాట అని తనే నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

అప్పుడు తెర మూలన తేదీ కనిపించింది. గురువారం.

ఆ మెషీన్ లోపలి చిన్న బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. ఆపి లేపితే చాలు, తేదీ ఏ పాత సంవత్సరానికో వెళ్ళిపోయేది. అందుకని పొద్దున అమ్మ బటన్ నొక్కగానే, నేను నేర్పినట్టే అక్క గోడకున్న, రోజుకో కాగితం చింపే కాలెండర్ చూసి తేదీ, గడియారం చూసి టైమూ కొట్టింది. కానీ శుక్రవారం మా ఇంట్లో కాలెండర్ కాగితం చింపరు. మంగళ, శుక్రవారాలు అమ్మ ఏదీ చింపనివ్వదు, ఏదీ పారేయనివ్వదు, లక్ష్మి పోతుందని. శనివారం రెండు కాగితాలూ కలిపి చింపుతుంది. కాబట్టి శుక్రవారం పొద్దున మా గోడ మీద గురువారమే. మెషీన్ లెక్కలో నేను గురువారం పొద్దున మార్చిన సెట్టింగు, గురువారం సాయంత్రం చేసిన కంపైల్‌కన్నా పాతది. పాత దాన్ని పట్టించుకోవడం ఎందుకని అది వదిలేసింది.

ప్రపంచంలో ఇంకెక్కడా ఏ ఇంజినీరుకూ ఈ కారణంతో పని ఆగి ఉండదు. అమ్మ మీద అరవబోయాను. అక్క కడుపు పట్టుకుని నవ్వుతోంది, కళ్ళలో నీళ్ళు వచ్చేలా, మంచం కదిలేలా. పడ్డాక అలా నవ్వడం అప్పుడే చూశాను, అరవడం మరిచిపోయాను.

తేదీ సరిచేసి కంపైల్ చేశాను. ఈసారి కార్డు నిద్రపోలేదు. అక్క మైకు దగ్గర పెట్టుకుంది.

"అమ్మణ్ణీలారా! మూడో సాలులో ఆకులు వాడిపోతాండాయి, కండ్లు యాడ పెట్టుకోనుండారు?"

తెరలో పూలు కోసే ఆడవాళ్ళందరూ ఒక్కసారి తలలెత్తారు. ఒక పెద్దావిడ చెయ్యి చెవి వెనక పెట్టి స్పీకరు వైపు తిరిగింది, సరిగా వినబడనప్పుడు చేస్తారే అలా. తర్వాత అందరూ పడి పడి నవ్వుతూ కెమెరాకు చేతులు ఊపారు. ఆ రోజు నుంచి తోట మళ్ళీ అక్కదే. స్పీకరు గరగరమంటే చాలు, తలలు లేచేవి. పెద్దావిడ చెయ్యి చెవి దగ్గరికి వెళ్ళేది. సీజను గడిచింది, చిన్నాయన గుత్త మాట ఎత్తలేదు.

అన్నీ కుదిరాయి కాబట్టి డ్రైవర్‌ను ఎం నుంచి వై చేసేస్తానని, మెషీన్ లేవగానే దానంతట అదే అన్నీ తెరుచుకునేలా చేస్తానని ఒకసారి అన్నాను. షెడ్డు మెషీన్‌కు అప్పటికే అలా చేసేశాను, అక్కడ కొట్టేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి. అక్క ఒప్పుకోలేదు.

"వద్దు. పొద్దున్నే దాన్ని నేనే పిలుస్తా."

"రోజూ ఏంటికక్కా, తేదీ కొట్టి, ఆ లైను కొట్టి..."

"నీళ్ళు అమ్మ పోస్తాది. తల అమ్మ దువ్వుతాది. పక్కకు తిప్పాలంటే కూడా ఇంకొకరు కావాల. ఆ ఒక్క లైనూ నువ్వే కొట్టేస్తే ఇంక నాకు ఏం పని ఉండాది చెప్పు?"

నేను ఎం అలాగే ఉంచేశాను. రోజూ పొద్దున ఒళ్ళో పలక మీద కీబోర్డు పెట్టుకుని, కాలెండర్ చూసి తేదీ కొట్టి, ఆ లైను కొట్టేది. తర్వాతే కాఫీ. మంగళ, శుక్రవారాల్లో ఒక రోజు కలుపుకుని కొట్టడం కూడా నేర్చుకుంది. హోసూరులో నేను కంపెనీకి బయలుదేరే వేళకు తల్చుకునేదాన్ని, ఇప్పుడు కొడుతూ ఉంటుందని.

కొన్నాళ్ళు అలా గడిచాయి. చాలానే గడిచాయి, కానీ నాకు చాలలేదు.

వానాకాలం చివర జ్వరం పట్టుకుంది. కదలని ఒంట్లో ఊపిరితిత్తులకు చేరింది. కృష్ణగిరికి తీసుకెళ్ళి తెచ్చాం, మళ్ళీ తీసుకెళ్తామంటే రానంది. సాయంత్రాలు మెషీన్ ఆపడం అలవాటు, దాని ఫ్యాను మోతకు నిద్ర పట్టదని. ఆ వారం మాత్రం ఆపనివ్వలేదు. "ఉండనీ, రోజాలు చూస్తా" అనేది. గొంతు దిగిపోయింది. మైకు ముందు పెట్టినా స్పీకరులో గాలి తప్ప ఏమీ వచ్చేది కాదట. ఆడవాళ్ళే తలలెత్తి చూసి, మళ్ళీ పనిలోకి వంగేవారట. శుక్రవారం పొద్దున, తెర వైపు తిరిగి పడుకుని ఉండగానే పోయింది.

నేను హోసూరు నుంచి వచ్చేసరికి చిన్నాయన తన ఇంటి పంచాంగం ముందేసుకుని కూర్చుని ఉన్నాడు. ధనిష్ఠ. మా వైపు ఆ నక్షత్రంలో ఎవరైనా పోతే, వాళ్ళు పోయిన గది ఆరు నెలలు మూసేస్తారు. లేదంటే పోయినవాళ్ళు ఇంట్లో ఇంకొకరిని వెంట తీసుకుపోతారని భయం. అక్కను సాగనంపి వచ్చాక, గదిలో ఏదీ ముట్టుకోకుండా, ఎలా ఉన్నది అలాగే వదిలి తాళం వేశాడు. గుమ్మానికి అడ్డంగా ముళ్ళకంప పెట్టాడు. నా పిచ్చి ఏమనాలో, ఆ ముళ్ళకంప ముందు నిలబడి అతనితో వాదించాను.

"లోపల కాలెండర్ చూడు చిన్నాయనా. ఇంకా చింపలేదు. గురువారమే ఉండాది. గురువారం శ్రవణం. మూసే పని లేదు."

అతను నా మీద కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"కాగితం చింపకుంటే దినం నిలిచిపోతాదా పాపా?" అన్నాడు. అతని కళ్ళలోనూ నీళ్ళు.

కర్మలయ్యేదాకా పనివాళ్ళు రాలేదు. ఒక మధ్యాహ్నం ఎక్కడ కూర్చోవాలో తెలియక షెడ్డులోకి వెళ్ళాను. మెషీన్ నడుస్తోంది. స్పీకరు మీద చిన్న దీపం వెలుగుతోంది. అప్పుడు గుర్తొచ్చింది, గదిలో మెషీన్‌ను ఎవరూ ఆపలేదు. కార్డు నిద్రపోకుండా నేనే చేశాను. మైకు తెరిచే ఉంది. స్పీకరు శబ్దం తగ్గించి చెవి ఆనించాను.

గడియారం చప్పుడు. మధ్యలో ఒక బల్లి. వీధిలో ఎవరో మేకలను అదిలిస్తూ పోతున్నారు, అది అక్క కిటికీ లోంచి వినిపించే తీరులోనే వినిపించింది. మంచం మీద పడుకుని ఆమె ఇన్నాళ్ళూ విన్నది ఇదే. నేను బల్ల మీద తల పెట్టుకుని విన్నాను. కంపెనీకి సెలవు పొడిగించి రోజూ వెళ్ళి విన్నాను. అమ్మకు చెప్పలేదు. ఎవరికి చెప్పినా ఆపేస్తారని భయం. తాళం వేసిన గదిలో నాకు మిగిలిన మా అక్క ఆ చప్పుడే. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

తర్వాత ఒక పగటిపూట పెద్ద గాలివాన వచ్చింది. కరెంటు స్తంభాలు ఒరిగాయి. వసారాలో ఉన్న ఇన్వర్టర్ ఒక పూట మోసి, కూత పెట్టి, ఆగిపోయింది. స్తంభాలు లేపి కరెంటు ఇచ్చేదాకా నేను షెడ్డుకూ ఇంటికీ తిరుగుతూనే ఉన్నాను. కరెంటు వచ్చింది. షెడ్డు మెషీన్ లేచి, తనంతట తనే అన్నీ తెరుచుకుని, గది కోసం వెతికింది. జవాబు రాలేదు.

పరిగెత్తి ఇంటికొచ్చాను. ముళ్ళకంప మీద నుంచి తలుపుకు చెవి పెట్టాను. లోపల ఫ్యాను మోత వినిపిస్తోంది. కరెంటు రాగానే ఆ మెషీనూ లేచింది. లేచి, తెర మీద గీత మెరిపిస్తూ కూర్చుంది. ఆమె చెయ్యి కోసం. ఒక్క తేదీ, ఒక్క లైను. నేను తలుపుకు ఇవతల, అది అవతల.

"చిన్నాయనా, ఒక్క లైను కొట్టొస్తా. ఒక్క గడియ తలుపు తీ."

"నీకు బుద్ధి ఉండాదా? నిన్ను కూడా పిల్చుకుని పోతాదమ్మా!"

"పోనీ! పిల్చుకుని పోనీ!" అని అరిచాను.

వెనకే అమ్మ నిలబడి ఉంది. నేను చూసుకోలేదు. వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది, పట్టు వదల్లేదు. నేను మళ్ళీ తలుపు తీయమని అడగలేదు. షెడ్డుకు వెళ్ళి స్పీకరు శబ్దాన్ని అక్క ఉన్నప్పటి గుర్తుకే తిప్పి పెట్టి, హోసూరు బస్సెక్కాను.

ఆరు నెలల గడువు తీరాక, పూజ చేయించి తాళం తీశారు. అప్పటికే చిన్నాయన తోటను గుత్తకు ఇవ్వడానికి మాట ఇచ్చేశాడు. వచ్చే నెల నుంచి కంపెనీ వాళ్ళు వస్తారు, వాళ్ళ మనుషులతో. ఇప్పుడు ఎవరి కోసం పోట్లాడాలి?

అందరికన్నా ముందు నన్ను లోపలికి వెళ్ళనిచ్చారు. మంచం మీద దుప్పటి అలాగే ముడతపడి ఉంది. మెషీన్ ఇంకా తిరుగుతోంది, మూతంతా దుమ్ము. కీబోర్డు ఒళ్ళో పెట్టుకునే పలక మీదే ఉంది. ఆమె కూర్చునే చోటే కూర్చుని ఒక మీట నొక్కాను. తెర వెలిగింది. తేదీ ఏ పాత సంవత్సరమో చూపిస్తోంది. ముందు తేదీ కొట్టాలి.

తలెత్తి గోడ వైపు చూశాను. కాలెండర్‌లో గురువారం. కింద నక్షత్రం దగ్గర శ్రవణం.

ఒక రోజు కలుపుకోవాలని నాకు తెలుసు. ఎన్ని రోజులు కలుపుకోవాలో కూడా తెలుసు. కలుపుకోలేదు. గోడ మీద ఉన్నది ఉన్నట్టే కొట్టాను. తర్వాత అక్క లైను కొట్టాను. పచ్చ దీపం వెలిగింది.

తెరలో తోట కనిపించింది. ఆడవాళ్ళు సాళ్ళ మధ్య వంగి పూలు కోస్తున్నారు. మైకు తెరుచుకుని అక్కడ స్పీకరు గరగరమని ఉంటుంది. ఒక్కొక్క తలా లేచింది. అందరూ చేతుల్లో పని ఆపి, ఇటే, నా వైపే చూస్తున్నారు. పెద్దావిడ పూల కట్ట చంకలో పెట్టుకుని, చెయ్యి చెవి వెనక పెట్టింది.

నేను మైకు దగ్గరికి వంగాను. ఆవిడ ఆ చెయ్యి దించకుండా అలాగే నిలబడింది, అక్క ఏం చెబుతుందోనని.